అమ్మకూ ఒక గతం

దూరమైన కుటుంబం మళ్ళీ కలిసినంత మాత్రాన ఒకరికొకరు తెలిసినట్టేనా? ఇటీవలి రెండు నవలలు ఈ ప్రశ్నను తల్లి వైపునుంచి వేస్తాయి.

ఆన్ పాచెట్ 'టామ్ లేక్' (2023)లో, 2020 మహమ్మారి కాలంలో ముగ్గురు కూతుళ్ళు మిషిగన్‌లోని చెర్రీతోటకు తిరిగివస్తారు. పళ్ళు కోస్తూ తల్లి తన తొలియౌవనపు ప్రేమకథ చెబుతుంది. కొంత మాత్రం పాఠకులకే చెప్పి, కూతుళ్ళ దగ్గర దాచుకుంటుంది. గీతాంజలి శ్రీ హిందీ నవల 'రేత్ సమాధి' (2018)లో భర్త పోయిన ఎనభయ్యేళ్ళ వృద్ధురాలు, దేశవిభజనలో దూరమైన తొలి భర్త కోసం కూతురితో పాకిస్తాన్ వెళుతుంది.

మొదటిది నిదానం, రెండవది మాటల వరద, పాఠకుని ఓపికకు పరీక్ష. కానీ రెంటిలోనూ కలయిక పాత బంధాన్ని అతికించదు, తల్లిలోని మనిషిని కొత్తగా పరిచయం చేస్తుంది. సెలవులకు ఇంటికి వెళ్ళి, మందుల గురించి మాత్రమే అడిగి తిరిగివచ్చే ప్రవాసులు చదవవలసిన నవలలివి.