కావ్యం లేని అవతారిక: వృత్తి ప్రొఫైలు, నిర్వహణ ధ్రువపత్రం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
అంతర్జాల పరిచయ వేదికల్లోని ప్రొఫైలు, నిర్వహణ రంగంలోని ధ్రువపత్రం నేటి ఉద్యోగ జీవితంలో ప్రధాన రచనారూపాలుగా మారాయి. వీటిని ఇప్పటివరకు సమాజశాస్త్రం, నిర్వహణశాస్త్రం ఎక్కువగా పరిశీలించాయి. ఇవి మనిషి తనను తాను కథనం చేసుకొనే పాఠాలు కనుక సాహిత్య విమర్శ పరిధిలోకి కూడా వస్తాయి. లింక్డ్‌ఇన్ ప్రొఫైలును, పి.ఎం.పి. పరీక్షను ఉదాహరణలుగా తీసుకొని, వాటి వ్యాకరణం, కథనం, సాక్ష్యం అనే మూడు అంశాలను తెలుగు భాషాసాహిత్య సంప్రదాయాల నేపథ్యంలో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ప్రొఫైలు, ఆత్మకథనం, అవతారిక, ముఖపరిచయం, సిఫారసు, ధ్రువపత్రం.

1. ఉపోద్ఘాతం:
అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984లో పి.ఎం.పి. ధ్రువపత్రాన్ని ప్రారంభించింది. లింక్డ్‌ఇన్ 2003 మే నెలలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఈ రెండింటి నడుమ, 1997లో, టామ్ పీటర్స్ ఫాస్ట్ కంపెనీ పత్రికలో ఒక ప్రసిద్ధ వ్యాసం రాసి ప్రతి ఉద్యోగీ తనను ఒక బ్రాండుగా భావించుకోవాలని వాదించాడు. ఈ మూడు పరిణామాల కలయికలో ఒక కొత్త వాక్యం పుట్టింది. అది మనిషి చేసిన పనిని గురించి, ఆ పనిని చూడని అపరిచితుడికి చెప్పే వాక్యం.

హైదరాబాదు, బెంగళూరు మొదలుకొని అమెరికా వరకు సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న తెలుగువారికి ఈ వాక్యం సుపరిచితమే. కళాశాలల్లో ప్లేస్‌మెంట్ శిక్షణ పొందే విద్యార్థులకూ దీన్ని నేర్పుతున్నారు. అయితే దీన్ని నైపుణ్యంగా నేర్పుతున్నంతగా పాఠంగా చదవడం జరగలేదు.

2. ప్రొఫైలు వ్యాకరణం:
ఆంగ్లంలో రాసే ప్రొఫైలుకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. అందులో వాక్యాలు కర్త లేకుండా నేరుగా క్రియతో మొదలవుతాయి. ఆంగ్ల భూతకాలక్రియ పురుషను తెలపదు కాబట్టి ‘నేను’ను తొలగిస్తే వాక్యం వస్తునిష్ఠంగా ధ్వనిస్తుంది. చెప్పేది సొంత ఘనతే అయినా చెబుతున్న గొంతు వినిపించదు.

తెలుగులో ఇది సాధ్యం కాదు. ‘నేను’ అనే సర్వనామాన్ని సులభంగా వదిలేయవచ్చు. కానీ ‘నడిపించాను’, ‘సాధించాను’, ‘తగ్గించాను’ అన్నప్పుడు క్రియాంతంలోని ‘ను’ ప్రత్యయం ఉత్తమపురుషను పట్టి ఇస్తుంది. పది వాక్యాలు వరుసగా రాస్తే పది సార్లు ‘నేను’ వినబడుతుంది. ఆత్మస్తుతిని దోషంగా భావించే సంస్కారంలో పెరిగిన తెలుగు రచయితకు ఇది ఇబ్బంది. అందుచేత అతడు రెండు దారులు వెతుక్కుంటాడు. ‘బృంద నిర్వహణ’, ‘వ్యయ నియంత్రణ’ వంటి నామపదాలను పేర్చడం మొదటిది. ‘నిర్వహించడం జరిగింది’ అనే వ్యక్తిరహిత వాక్యాన్ని ఆశ్రయించడం రెండవది. మొదటి దారిలో క్రియ మాయమవుతుంది. రెండవ దారిలో పని తనంతట తానే జరిగినట్లు కనిపిస్తుంది. తెలుగులో ప్రొఫైలు రాయడానికి చాలామంది వెనుకాడటంలో పదజాలం కొరతతో పాటు ఈ వ్యాకరణ సంకోచానికి కూడా పాత్ర ఉందని భావించవచ్చు.

బహువచనంలోనూ ఇలాంటి సమస్యే ఉంది. తెలుగులో ‘మనం’, ‘మేము’ వేరు. ‘మేము పూర్తి చేశాం’ అన్నప్పుడు వినేవారిని మినహాయించి, కలిసి పనిచేసిన వారందరినీ కలుపుకొంటున్న భావం స్పష్టంగా ఉంటుంది. ప్రాజెక్టు అనేది స్వభావరీత్యా ‘మేము’ చేసే పని. కాని ప్రొఫైలు ప్రతిఫలమిచ్చేది ‘నేను’కే. పన్నెండు మంది చేసిన పని పన్నెండు ప్రొఫైళ్లలో పన్నెండు ఏకవచనాలుగా విడిపోతుంది. ఎవరి వాక్యమూ అబద్ధం కాకపోవచ్చు. అన్నింటినీ కలిపి చదివినా ఆ పని ఎలా జరిగిందో మాత్రం తెలియదు.

3. ముఖపరిచయం – సిఫారసు:
సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో బలహీన బంధాల శక్తిని ప్రతిపాదించాడు. పరిచయస్థుల ద్వారా ఉద్యోగం పొందినవారిలో తమకు సమాచారమిచ్చిన వ్యక్తిని తరచుగా కలిసేవారు 16.7 శాతం, అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, అరుదుగా కలిసేవారు 27.8 శాతం అని అతడు గుర్తించాడు. ఆ నమూనా చిన్నదే. అయినా దగ్గరివారికి తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయం నుంచే వస్తుందన్న అతని తర్కం బలమైనది. ఈ బలహీన బంధానికి తెలుగులో చక్కటి మాట ‘ముఖపరిచయం’. చుట్టరికానికీ స్నేహానికీ ఇవతల ఉన్న సంబంధం అది.

లింక్డ్‌ఇన్ ఈ ముఖపరిచయాన్ని ముఖం చూడకుండానే సాధ్యం చేసింది. 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం 2 కోట్ల మందికి పైగా వినియోగదారుల సమాచారంతో గ్రానొవెటర్ ప్రతిపాదనను పరీక్షించింది. మరీ దగ్గరి బంధాలూ మరీ దూరపు బంధాలూ కాక, మధ్యస్థంగా బలహీనమైన బంధాలు ఉద్యోగమార్పుకు ఎక్కువగా తోడ్పడతాయని తేల్చింది. ఈ అధ్యయనానికి ఆధారం ఆ వేదిక పరిచయాలను సూచించే పద్ధతిలో చేసిన మార్పులే. అంటే ఒకప్పుడు పెళ్లిలోనో రైలులోనో యాదృచ్ఛికంగా కలిగే పరిచయాన్ని ఇప్పుడు ఒక గణనసూత్రం ఎంపిక చేస్తోంది.

ఈ మార్పుతో పాత అసమానతలు తొలగిపోయాయని చెప్పలేం. షియాంగ్ బియావో తన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ (2007) గ్రంథంలో ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల చలనాన్ని అధ్యయనం చేశాడు. ఆ చలనం వెనుక కుటుంబ సంపద, కులం, కట్నం ఎలా పనిచేశాయో చూపించాడు. తెరపై అందరి ప్రొఫైలు పెట్టె ఒకే కొలతలో ఉంటుంది. ఆ పెట్టెలో రాయదగినదాన్ని సంపాదించుకొనే అవకాశం మాత్రం అందరికీ ఒకేలా ఉండదు.

ఇక్కడ ‘సిఫారసు’ అనే మాట కూడా పరిశీలించదగినది. వేదికలో ఇతరులు రాసే ప్రశంసను తెలుగులో చెప్పడానికి సహజంగా వచ్చే మాట ఇదే. కానీ తెలుగు వాడుకలో సిఫారసుకు పక్షపాతం అనే నీడ ఉంది. ‘సిఫారసుతో వచ్చాడు’ అంటే అర్హతతో రాలేదనే ధ్వని. ఆంగ్ల పాఠంలో అర్హతకు సాక్ష్యమైనది తెలుగు పాఠకునికి అర్హతపై సందేహంగా వినిపించే ప్రమాదం ఉంది. ఈ అర్థభేదాన్ని అనువాద సమస్యగా తోసివేయడం సరికాదు. అవకాశాలు ఎలా అందుతాయో, ఎలా చేజారుతాయో చూసిన సమాజం ఆ మాటకు కట్టిన వెల అది.

4. అవతారికతో పోలిక:
స్వప్రశంసను పరుల నోట పలికించడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. మనుచరిత్ర అవతారికలో పెద్దనను ప్రశంసించేది కృతిభర్త శ్రీకృష్ణదేవరాయలు. ఆ మాటలు రాజువిగా చెప్పబడినా పద్యం రచించినది కవే. ప్రశంసకు వక్త ఒకరు, కర్త మరొకరు. వృత్తివేదికల్లోని సిఫారసుల్లోనూ తరచుగా ఇదే జరుగుతుంది. కోరినవారే ముసాయిదా రాసి ఇవ్వడం, ప్రతిగా తామూ ఒక ప్రశంస రాయడం అక్కడ మర్యాదగా స్థిరపడింది.

అయితే ఈ పోలికలో ఒక కీలకమైన భేదం ఉంది. అవతారిక తరువాత కావ్యం ఉంటుంది. రాజు ప్రశంస తగినదా కాదా అన్నది పాఠకుడు తరువాతి ఆశ్వాసాలు చదివి తేల్చుకోగలడు. ప్రొఫైలు తరువాత అలా చదవడానికి ఏమీ ఉండదు. పని ఒక సంస్థ గోడల మధ్య, గోప్యతా ఒప్పందాల వెనుక ఉండిపోతుంది. ప్రొఫైలు కావ్యం లేని అవతారిక. ధ్రువపత్రం అవసరమయ్యేది ఈ ఖాళీలోనే.

5. ధ్రువపత్రం – ఒకే ముగింపు ఉన్న కథ:
2021 జనవరి నుంచి అమలైన పి.ఎం.పి. పరీక్షా విధానంలో 180 ప్రశ్నలకు 230 నిమిషాల వ్యవధి ఇచ్చారు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి 36 నెలల ప్రాజెక్టు నాయకత్వ అనుభవం, 35 గంటల శిక్షణ అవసరం. ఉత్తీర్ణులు ప్రతి మూడేళ్లకు 60 వృత్తివికాస యూనిట్లు చూపి ధ్రువపత్రాన్ని నవీకరించుకోవాలి.

సాహిత్య విమర్శకు ఆసక్తి కలిగించేది ప్రశ్న నిర్మాణం. ఎక్కువ ప్రశ్నలు సన్నివేశ రూపంలో ఉంటాయి. ఊహాత్మకంగా ఒకటి చెప్పుకోవచ్చు: బృందంలోని ఒక సభ్యురాలు వరుసగా మూడు సమావేశాలకు ఆలస్యంగా వచ్చింది, మేనేజరు మొదట ఏం చేయాలి? పైవారికి ఫిర్యాదు చేయడం, అందరిముందు హెచ్చరించడం, ఆమె స్థానంలో మరొకరిని తీసుకోవడం, విడిగా మాట్లాడి కారణం తెలుసుకోవడం అనేవి వికల్పాలు. చివరిదే సరైన సమాధానం. ఇందులోని నీతి మెచ్చుకోదగినదే. శిక్షకు ముందు సంభాషణ ఉండాలని అది చెబుతోంది.

కానీ కథ అక్కడితో ముగుస్తుంది. ఆమె చెప్పిన కారణం ఏమిటి? ఇంటి చాకిరీయా, బస్సు సౌకర్యం లేకపోవడమా, కాంట్రాక్టు ఉద్యోగిగా ఎదుర్కొన్న అవమానమా? పరీక్షకు అది అనవసరం. కథానికకు అదే ప్రారంభం. పరీక్ష ధ్రువీకరించేది సరైన వికల్పాన్ని గుర్తించే శక్తిని. విన్న తరువాత ఏం చేయాలన్న వివేకం దాని కొలతకు అందదు.

నిర్వహణశాస్త్రానికి ఈ పరిమితి తెలియదనడం అన్యాయం. 2017 నాటి పింబాక్ గైడు ఆరవ కూర్పు 49 ప్రక్రియలను వివరించగా, 2021 నాటి ఏడవ కూర్పు 12 సూత్రాలను ముందుంచి, సందర్భాన్ని బట్టి పద్ధతిని మలచుకోవాలన్నది. ఆరవ కూర్పులోనే ‘నేర్చుకున్న పాఠాల’ పట్టిక ఉంది. తప్పిదాలను నమోదు చేసి తరువాతివారికి అందించడం దాని ఉద్దేశం. అంటే ఈ శాస్త్రం వైఫల్యాన్ని జ్ఞానంగా గౌరవిస్తుంది. అదే శాస్త్రంలో ధ్రువపత్రం పొందిన వ్యక్తి ప్రొఫైలులో మాత్రం వైఫల్యానికి చోటు లేదు. సంస్థ లోపల విలువైన పాఠం, బయట వ్యక్తికి మచ్చ. ఈ రచనారూపాల్లోని ప్రధాన వైరుధ్యం ఇదే.

6. విద్యారంగానికి అన్వయం:
ఇదంతా సాఫ్ట్‌వేర్ లోకానికే పరిమితమని భావించనక్కరలేదు. 2010 నాటి యు.జి.సి. నిబంధనలు అధ్యాపకుని కృషిని ఎ.పి.ఐ. అంకెలుగా లెక్కించే పద్ధతిని తెచ్చాయి. 2012లో ప్రారంభమైన ఆర్కిడ్ ప్రతి పరిశోధకునికీ ఒక సంఖ్యను ఇస్తోంది. పరిశోధకుడు కూడా ప్రొఫైలు రచయితే. సదస్సు ధ్రువపత్రాల సంఖ్య పెరుగుతున్నకొద్దీ, ఆ సదస్సుల్లో ఏం చర్చించారన్న ప్రశ్న వెనక్కి పోతోంది. ఒక వ్యాసాన్ని ఎన్ని అంకెలకు లెక్కించారో దస్త్రం చెబుతుంది. ఎవరు చదివారో, ఎవరి ఆలోచన మారిందో చెప్పదు.

7. ముగింపు:
- ప్రొఫైలు వ్యాకరణం సమష్టి శ్రమను ఏకవచనాలుగా విడదీస్తుంది. తెలుగు క్రియాస్వభావం, ‘మనం–మేము’ భేదం ఈ చర్యను బయటపెడతాయి.
- అంతర్జాల ముఖపరిచయం అవకాశాల పరిధిని పెంచింది. ఆ పరిధిలోకి ప్రవేశించే శక్తిని అది సమంగా పంచలేదు.
- ధ్రువపత్రం ప్రొఫైలుకు సాక్ష్యంగా నిలుస్తుంది. అది సాక్ష్యమిచ్చేది పరీక్షకు. పనికి పరోక్షంగా మాత్రమే.

వీటిని బహిష్కరించమనడం విమర్శ పని కాదు. మొదటి తరం ఉద్యోగార్థికి ఒక ధ్రువపత్రం, ఒక దూరపు పరిచయం తెరిచే తలుపు చాలా విలువైనది. అండలేనివాడికి ఆ తలుపు మరొక విధంగా తెరుచుకోకపోవచ్చు. చేయవలసింది ఈ పాఠాలను చదవడం నేర్పడం. తెలుగు శాఖల్లో ఆత్మకథను బోధించే గంటలోనే ప్రొఫైలును కూడా పరిశీలింపజేయవచ్చు. ఎవరి పేరు లేదు, ఏ క్రియ మాయమైంది, ఏ వైఫల్యం దాగింది అని అడిగించవచ్చు. ‘మేము చేశాం, అందులో నా వంతు ఇది, ఇక్కడ పొరపాటు జరిగింది’ అనే వాక్యం తెలుగులో సహజంగా పలుకుతుంది. ఆ వాక్యాన్ని నమ్మకంగా రాయగల విద్యార్థిని, దాన్ని గౌరవంగా చదవగల సంస్థను తయారుచేయడంలో భాషాధ్యాపకునికి కూడా బాధ్యత ఉంది.