ఆశమ్మ సంచిలోని మిషన్

మే నెలలో రామగుండం, కరీంనగర్ వైపు ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. డిసెంబరులో ఆదిలాబాద్ ఏజెన్సీలో చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. షుగర్ చూసే గ్లూకోమీటర్లు చాలామటుకు 10 నుంచి 40 డిగ్రీల మధ్యే పనిచేస్తాయి. స్ట్రిప్పుల డబ్బా మీదైతే 30 డిగ్రీలు దాటనీయొద్దని రాసి ఉంటుంది. ఊరి ఆశా కార్యకర్త, అదే మన ఆశమ్మ, సంచిలో వేసుకొని ఇల్లిల్లూ తిరిగే ఆ డబ్బా వేసవిలో పొద్దున పదింటికే ఆ హద్దు దాటేస్తుంది. వేడెక్కిన మీటరు ఎర్రర్ చూపి ఆగిపోతుంది, అది మేలే. ఎండకు పాడైన స్ట్రిప్పు మాత్రం ఏదో ఒక అంకె చూపిస్తుంది. దాన్ని నమ్మి మాత్ర మింగుతారు.

ఆసుపత్రి పరికరాలు బాగుచేసే పనిలో ఉన్నవాణ్ని కనుక చెబుతున్నా. ఆగిపోయిన మిషన్ కన్నా తప్పు చూపే మిషన్‌తోనే ప్రమాదం. ఆ తప్పును ‘వాడటం రాలేదు’ అంటూ సిస్టర్ మీదికో, ఆశమ్మ మీదికో తోసేస్తే నేను ఒప్పుకోను.

ఎండాకాలం మొదట్లో ఉట్నూరు, ఇంద్రవెల్లి పక్క తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోతారు. ఆ పువ్వు నిండా చక్కెరే. ఏరివచ్చిన వేలికి అలాగే సూది గుచ్చితే, వేలికంటిన తీపి కూడా రక్తపు చుక్కలో కలిసి లెక్కకెక్కుతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు, నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. ఈ మాట డబ్బాలోని కాగితంలో ఉంటుంది గానీ, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లిష్‌లో. స్ట్రిప్పు పెట్టగానే తెర మీద చేతులు కడిగే బొమ్మ వచ్చేలా చేస్తే ఎంత మేలు!

బీపీ పట్టీ సంగతీ ఇంతే. సన్నటి చేతికి పెద్ద పట్టీ కడితే ఉన్న బీపీ కన్నా తక్కువ చూపిస్తుంది. బక్కచిక్కిన గర్భిణికి గుర్రపువాతం ముంచుకొస్తున్నా అంకె బాగానే ఉందనిపిస్తుంది. అందుకే మిషన్‌తో పాటు చిన్న పట్టీ కూడా రావాలి. లండన్ కింగ్స్ కాలేజీ వైద్యులు తెచ్చిన క్రేడిల్ అనే మిషన్ నాకు నచ్చింది. అంకెలతో పాటు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు వెలుగుతాయి. బీపీనీ నాడినీ కలిపి చూసి, కాన్పు తర్వాత రక్తం ఎక్కువ పోయినా హెచ్చరిస్తుంది. ఫోన్ ఛార్జర్‌తో ఛార్జ్ అవుతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లను కళ్లారా చూసినవాళ్లు చేసిన పని అది.

హైదరాబాద్‌లో క్షిపణుల పనిలో ఉన్నప్పటి ఇలాంటి అనుభవమే ఒకటి అబ్దుల్ కలాం గారు చెప్పేవారు. నిమ్స్ ఎముకల డాక్టర్ ఒకరు ల్యాబ్‌కు వచ్చి, అక్కడి తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఆయన్ని తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలు దాటిన ఇనుప క్యాలిపర్లతో కాళ్లీడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. ఆ పదార్థం అంతకుముందూ ల్యాబ్‌లో ఉన్నదే. ఇంజనీరు వార్డులో అడుగుపెట్టాకే అది పిల్లల కాళ్లకు చేరింది.

వైద్య పరికరాలను అసలు వాడేవాళ్ల చేతనే పరీక్షింపజేయాలని ఐఈసీ 62366 ప్రమాణం కూడా చెబుతోంది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో పరికరాలు రూపొందిస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఒక్కటే. మే నెలలో ఓ వారం, డిసెంబరులో ఓ వారం ఉట్నూరు ఏజెన్సీకి రండి. మీ నమూనాను ఆశమ్మ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడి చూడండి. ఆమె ఎక్కడ తడబడితే అక్కడ మీ డిజైన్ మార్చండి.