స్టేషన్ మెట్లు ఎక్కకముందే

‘ఓసారి వచ్చి వెళ్లండి, చిన్న విషయమే’ అని పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వస్తే, మన ఊళ్లలో ముందు కబురు వెళ్లేది సర్పంచికో, పార్టీ నాయకుడికో. ప్లీడరు దగ్గరికి వెళ్దామంటే ‘తప్పు చేయనివాడికి వకీలెందుకు?’ అని ఇంట్లో పెద్దలే అడ్డుపడతారు. వెళితే అనుమానం పెరుగుతుందని వాళ్ల భయం. క్రిమినల్ కేసులు చూసే వకీలుగా నేను చెప్పేది ఇందుకు పూర్తిగా ఎదురు. తప్పు చేయనివాడికే మొదటి రోజు సలహా ఎక్కువ అవసరం. దాచడానికి ఏమీ లేదన్న ధీమాతో అతను గుర్తున్నదీ లేనిదీ కలిపి చెప్పేస్తాడు.

డబ్బు తేడా వచ్చిన ఒక కేసులో ఓ గుమాస్తా నోటీసు తీసుకుని నా దగ్గరికొచ్చాడు. ఫలానా రోజు ఎక్కడున్నావని ఫోన్లోనే అడిగారట. ‘ఇంట్లోనే ఉన్నానండీ, రేపు అదే చెప్తా’ అన్నాడు. ఫోన్ తీసి ఆ రోజు చెల్లింపులు చూడమన్నాను. విజయవాడలో మందుల షాపుకు కట్టిన డబ్బు కనిపించింది. తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజది. మర్చిపోయాడు, అంతే. కానీ స్టేషన్లో ‘ఇంట్లోనే’ అని ఉంటే, కాల్ రికార్డులు వచ్చాక ఆ మతిమరుపే అబద్ధంగా కనిపించేది.

నోటీసు చేతికి రాగానే నేను చూసేది సెక్షన్ నంబరు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కింద 179 అయితే సాక్షిగా పిలిచినట్టు. అలాంటప్పుడు మహిళల్ని, అరవై దాటిన పెద్దల్ని స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. 35(3) అయితే, అంటే పాత చట్టంలోని 41ఏ అయితే, అనుమానం మన మీదే ఉన్నట్టు. ఆ నోటీసును పక్కన పడేస్తే అరెస్టుకు మనమే దారి ఇచ్చినట్టవుతుంది. చెప్పిన వేళకు హాజరవుతూ సహకరిస్తుంటే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా అరెస్టు చేయడానికి వీల్లేదు. ముందస్తు బెయిల్ కూడా పేరుకు తగ్గట్టే అరెస్టుకు ముందు అడగాల్సింది. ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.

వకీలు దగ్గరికి వెళ్లడమంటే నోరు మెదపకపోవడమనీ కాదు, దర్యాప్తుకు అడ్డుపడటమనీ కాదు. తెలిసింది చెప్పాలి, తెలియనిది తెలియదనాలి. కాగితాలు ఇచ్చి రసీదు తీసుకోవాలి. విచారణలో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మనం సంతకం పెట్టాల్సిన పనిలేదని చట్టమే చెబుతోంది. ఖాళీ కాగితం మీదైతే ఎవరడిగినా పెట్టకూడదు. ఫోన్లో మెసేజ్‌లు చెరపొద్దని కూడా నేను గట్టిగా చెబుతాను. భయంతో చెరిపినా అది సాక్ష్యం మాయం చేయడంగా మారి ఇంకో కేసవుతుంది.

విచారణలో మనకున్న రక్షణ పెద్ద పోరాటాల మీద నిలిచింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతుంది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథిని కటక్‌లో విజిలెన్స్ పోలీసులు ప్రశ్నల పట్టిక ముందుపెట్టి అడిగినప్పుడు ఆమె జవాబివ్వనన్నారు. ఆ రక్షణ కోర్టు బోనులోనే కాదు, పోలీసు విచారణలోనూ ఉంటుందనీ, వకీలు కావాలంటే కాదనకూడదనీ 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. అరెస్టయినవాళ్లు విచారణ మధ్యలో తమ వకీలును కలిసే హక్కు ఇప్పుడు చట్టంలోనే ఉంది. అయితే విచారణ సాగినంతసేపూ వకీలును పక్కన కూర్చోనివ్వాలని అందులో లేదు. అందుకే లోపలికి వెళ్లకముందు దొరికే గంట అంత విలువైనది.

మాజీ ముఖ్యమంత్రికి వకీలు దొరకడం కష్టం కాదు. కూలికి వెళ్లేవాడి మాటేమిటన్నదే నన్ను కలవరపెట్టే ప్రశ్న. అరెస్టుకు ముందు దశలోనూ ఉచిత న్యాయసాయం అందాలని జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2019లోనే విధివిధానాలు తెచ్చింది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఆ సాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చాలు. నోటీసు వచ్చిన ఇంట్లోవాళ్లు సిఫార్సు కోసం తిరిగే ఆ ఒక్క పూటా ఈ ఆఫీసుకు వెళ్తే, చాలా కేసుల నడకే మారుతుంది.