తలుపులో చిక్కుకొన్న మంద్రనాదము

కారులో పాట వినునప్పుడు గాయకుని కంఠము స్పష్టముగనే వినబడుచుండును, వేణువును వయొలినును చక్కగనే పలుకుచుండును. కాని ఇళయరాజా కూర్చిన పాటలలో గాత్రమునకు దిగువగా తనదైన త్రోవను నడచిపోవు బేస్ గిటారు ఎచ్చటికో మాయమై, మృదంగపు ఎడమచేతి గుంకీ పలుకవలసిన చోట ఒక పొడి చప్పుడు మాత్రమే మిగులును. చిన్నకార్లు కలవారిలో పెక్కుమందికి ఇది నిత్యానుభవము. వారు కార్ డెకార్స్ దుకాణమునకు పోయి ‘బేస్ చాలడం లేదండీ’ అన్నంతనే దుకాణదారుడు అరలోని పెద్ద వూఫరును, దాని ప్రక్కన వేయి వాట్లని ముద్రించిన యాంప్లిఫయరును చూపును. నేను చెప్పదలచినది ఇంతే: ఆ వూఫరు వచ్చి చేరకముందే, కారులో ఇప్పటికే పుట్టుచున్న మంద్రనాదములో పెద్దభాగము మన చెవిని చేరకుండ వృథా అగుచున్నది; దానిని నిలుపుకొనుటకగు వ్యయము స్వల్పము; ఆ పని ముగిసిన పిమ్మటనే కొనుగోలు మాట.

ధ్వని నడకను కొంచెము పరిశీలించినగాని ఈ వృథా ఎట్లు జరుగుచున్నదో బోధపడదు. స్పీకరు కోను ముందునకు కదలినపుడు దాని ఎదుటి గాలి ఒత్తుకొనును, అదే క్షణమున వెనుకనున్న గాలి పలుచనగును. అనగా ఒకే కోనునుండి పరస్పర విరుద్ధములైన రెండు తరంగములు ఏకకాలమున బయలుదేరును. తారస్వరముల తరంగములు కొద్ది సెంటీమీటర్లలో ముగియునవి గనుక ఈ రెండును కలసికొన్నను అంతటను ఒకదాని నొకటి చంపుకొనవు. 50 హెర్ట్జుల మంద్రధ్వనికి తరంగదైర్ఘ్యము ఇంచుమించు 7 మీటర్లు. స్పీకరు అంచున జానెడు త్రోవ దొరికినను చాలును, వెనుకటి తరంగము చుట్టివచ్చి ముందరిదానిని అక్కడికక్కడే రద్దుచేయును. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెలాగ్ అను ఇంజనీర్లు నేటి స్పీకరుకు మూలరూపమైన దానిని లోకమునకు వెల్లడించినపుడే, పలకకు బిగించి ముందువెనుకల గాలిని వేరుపరచనిదే మంద్రస్వరము పలుకదని గ్రహించియుండిరి. బల్లపై ఊరక పెట్టిన స్పీకరు పీలగా పలుకుటయు, దానినే పెట్టెలో బిగించినంతనే గంభీరమగుటయు రేడియో మరమ్మతు చేయువారందరు ఎరిగినదే.

మొదట చేయవలసినది, ఒక పైసా ఖర్చు లేనిది, తీగెల ప్లస్ మైనస్‌లను సరిచూచుట. ఎడమ తలుపులోని కోను ముందునకు వచ్చునప్పుడు కుడి తలుపులోనిది వెనుకకు పోవుచున్నచో ఆ రెండింటి మంద్రధ్వనులు కారు నడుమనే హరించిపోవును. క్రొత్త స్టీరియో బిగించునపుడు రంగుతీగెల గుత్తిని కత్తిరించి టేపు చుట్టు అలవాటు గలచోట ఈ తారుమారు తరచుగ జరుగును. కనిపెట్టుట సులభము. పాట మ్రోగుచుండగా బ్యాలెన్సును మధ్యనుండి పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పుడు. ఒక్క స్పీకరే మ్రోగుచున్నను బేస్ తగ్గుటకు మారు పెరిగినట్లు తోచినచో తీగెలు తారుమారైన వన్నమాట. నిర్ధారణకు, స్టీరియోనుండి తీగెలను విడదీసిన పిమ్మట, గోడగడియారములో వాడు 1.5 వోల్టుల సెల్లును స్పీకరుకు ప్లస్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు క్షణకాలము తాకించవలెను. కోను ‘టక్’మని వెలుపలికి రావలెను. లోపలికి పోయినచో గుర్తులు తలక్రిందులు.

ఇక తలుపు. విజయవాడ ఆటోనగరులోని ఒక షెడ్డులో పెద్దవయసు మిస్త్రీ ఈ పని చేయుచుండగా ప్రక్కన నిలిచి ఆసాంతము చూచితిని. ‘వూఫర్ తర్వాత చూద్దాం సార్, ముందు తలుపు సంగతి చూడనివ్వండి’ అని అతడు డోర్ ప్యాడు స్క్రూలను ఊడదీసి, క్లిప్పులు విరుగకుండ ప్లాస్టిక్ పట్టీతో ఒక్కొక్కటిగ పెకలించి, ప్యాడును తీసి గోడ కానించెను. లోపల కనబడినది పలుచని పాలిథిన్ తెర. దాని వెనుక, అద్దమును ఎత్తుదింపు యంత్రమును బిగించుటకై కర్మాగారమున విడిచిన రంధ్రములు. అందొకటి మోచేతివరకు చేయి దూరునంతటిది. స్పీకరు వెనుకనుండి వెలువడు తరంగమంతయు ఆ రంధ్రముగుండ వచ్చి, డోర్ ప్యాడు చాటుననే ముందుతరంగముతో కలసి నశించుచుండెను. మిస్త్రీ బయటిరేకును కణుపులతో తట్టగా అది ఠంగున మ్రోగి కొంతసేపు తీగసాగెను. తరువాత అతడు స్పిరిటుతో తడిపిన గుడ్డతో దుమ్మును జిడ్డును తుడిచి, ఒక ప్రక్క అల్యూమినియము పొరగల నల్లని బ్యూటైల్ డ్యాంపింగ్ షీటును ముక్కలుగ కోసి, స్పీకరుకు సరిగ వెనుకనుండు చోటినుండి ఆరంభించి, ఆ పొరపైనున్న గళ్ల అచ్చు చదునగువరకు చిన్న రోలరుతో ఒత్తెను. మరల తట్టినపుడు రేకు ‘దబ్బు’మని ఒక్కసారి పలికి ఊరకుండెను. రేకునంతయు కప్పనక్కరలేదు, నాలుగవవంతు కప్పినను మ్రోత చాలవరకు అణగును.

కచ్చేరికి ముందు మృదంగ విద్వాంసుడు ఎడమమూతపై తడిపిన రవ్వముద్దను అద్దుట చూచినవారికి ఇందలి సూత్రము క్రొత్త కాదు. అచ్చట చర్మము లోతుగ పలుకుటకు బరువు చేర్తురు, ఇచ్చట రేకు అసలు పలుకకుండుటకు చేర్తురు. రేకు కదలికను మ్రింగివేయు బంకగుణము బ్యూటైలుకు అదనముగ కలదు. అటుపై మిస్త్రీ లోపలిరేకు రంధ్రములను, పెద్దవానికి అల్యూమినియము రేకుముక్కను ఆధారముగ బిగించి, అదే షీటుతో మూసివేసెను. తలుపు అడుగుననున్న సన్నని రంధ్రములను మాత్రము తాకలేదు. అద్దముపై పడిన వాననీరు తలుపులోనికి దిగి బయటికి పోవు మార్గము అదియే. దానిని మూసినచో తలుపు అడుగు తుప్పుపట్టును. చివరకు ప్లాస్టిక్ రింగునకు మారుగ మందపు ప్లైవుడ్ రింగును నీరంటని రంగు పూసి స్పీకరు క్రింద అమర్చి, స్పీకరు అంచునకును డోర్ ప్యాడునకును నడుమ ఫోము చుట్టెను. రింగునకు ఎం.డి.ఎఫ్. వాడువారు కలరు గాని అది తేమకు ఉబ్బును. తలుపులో దానికి చోటు లేదనియే నా అభిప్రాయము. స్పీకరు అదియే, స్టీరియో అదియే. డోర్ ప్యాడు తిరిగి బిగించి పాట పెట్టగా బేస్ గిటారు ఏ స్వరమునుండి ఏ స్వరమునకు దిగుచున్నదో వేరువేరుగ తెలిసెను. ఈ షీటు, ఫోము, కూలి అన్నియు కలిపినను మంచి వూఫరు, యాంప్లిఫయరుల వెలలో స్వల్పభాగమే.

స్టీరియో శక్తిని గూర్చి కొంత గణితము అవసరము. పెట్టెపై ‘50 వాట్లు × 4’ అని ముద్రించుట ఆచారము. ఇంజను నడచుచుండగా కారులోని వోల్టేజి సాధారణముగ 14.4కు మించదు, లోపల దానిని పెంచు ఏర్పాటు లేని స్టీరియో 4 ఓముల స్పీకరుకు ఈయగల శక్తికి లెక్క ప్రకారమే 26 వాట్లు పరమావధి, నష్టములు పోగా నికరముగ దక్కునవి 18, 20. ఇట్టి స్థితిలో బేస్ మీటను 10 డెసిబెల్సు పెంచుట యనగా ఆ స్వరములమట్టుకు పదిరెట్ల శక్తిని కోరుట. 2 వాట్లతో మ్రోగుచున్న పాట ఆ ఒక్క మీటతో 20 వాట్ల అంచునకు చేరును. అటుపై శబ్దము పెంచినకొలది తరంగముల శిరస్సులు తెగి, గరగర బయలుదేరి, క్రమముగ స్పీకర్లే కాలిపోవును. అల్పశబ్దముతో వినునప్పుడు మాత్రము ఈ మీటకు న్యాయమైన స్థానము కలదు. శబ్దము తగ్గినకొలది మన చెవి మంద్రధ్వనులను ఎక్కువగ పోగొట్టుకొనునని 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. స్టీరియోలోని ‘లౌడ్‌నెస్’ మీట ఆ లోటును పూరించుటకే ఏర్పడినది. పాత సినిమాపాటల ముద్రణలోనే లేని లోతును మాత్రము ఏ మీటయు పుట్టింపజాలదు. వానిని ఉన్నవి ఉన్నట్లు వినుటయే మర్యాద.

ఇంత చేసినను తృప్తి కలుగనిచో, అప్పుడు వూఫరు. కోను కదలికకు ఒక నిర్దయమైన నియమము కలదు: పౌనఃపున్యము సగమునకు దిగినపుడు అంతే బిగ్గరగా పలుకుటకు కోను నాలుగురెట్ల దూరము కదలవలెను. ఆరున్నర అంగుళాల తలుపు స్పీకరు 80 హెర్ట్జుల వద్ద హాయిగ పలుకును గాని 40 వద్ద అంత దూరము కదలలేక తడబడును. కావున వూఫరు చేరినవెంటనే స్టీరియోలో దిగువస్వరములను అడ్డు హైపాస్ ఫిల్టరును 80 హెర్ట్జుల వద్ద నిలిపి తలుపు స్పీకర్లను ఆ బరువునుండి తప్పింపవలెను; తప్పించినంతనే అవి పూర్వముకన్న నిర్మలముగ పలుకును. వెనుకసీటును, డిక్కీని పోగొట్టుకొనలేనివారికి సీటు క్రింద ఇమిడెడి, యాంప్లిఫయరు తనలోనే కలిగిన 8 అంగుళాల వూఫరు చాలును. డిక్కీలో కొంత చోటు ఈయగలవారికి 10 అంగుళాల వూఫరు, గాలి చొరని మూతపెట్టె నా సలహా. మూతపెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకొని చిన్నపెట్టెనుండి లోతైన మంద్రమును పలికింపవచ్చునని అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1 స్పీకరుతో నిరూపించెను. కారులో దానికి మరియొక అనుకూలత కలదు. రెండున్నర మీటర్ల పొడవుగల కారులోపల సుమారు 68 హెర్ట్జులకు దిగువ తరంగములో సగము సైతము ఇముడదు గనుక గాలి అంతయు ఒక్కటై, స్వరము దిగినకొలది ఒత్తిడి పెరుగుచు పోవును. మూతపెట్టె ధ్వని ఏ వేగముతో తగ్గునో ఇంచుమించు అదే వేగముతో కారు దానిని పెంచును. ఇంట నిరుత్సాహముగ వినిపించు పెట్టె కారులో మేఘగంభీరముగ పలుకుటకు కారణమిదే. గొట్టము గల పెట్టె బిగ్గరగా మ్రోగును, నిజమే. కాని దాని కొలతలు తప్పినచో సరిదిద్దుట కష్టము. మూతపెట్టెను మన వీధి వడ్రంగియే చేయగలడు: లోకొలత 30, 30, 23 సెంటీమీటర్లైనచో 20 లీటర్ల పైచిలుకు గాలి, 10 అంగుళాల వూఫర్లలో పెక్కింటికి అది సరిపోవును. వూఫరుతో వచ్చు కాగితము చూచి కొలత మార్చుకొనవలెను, అతుకులన్నింట జిగురు నిండుగ పూయింపవలెను.

యాంప్లిఫయరు వాట్లను పెట్టెపై చదువక దాని ఫ్యూజుపై చదువుడు. వేయి వాట్లని వ్రాసియుండి 20 ఆంపియర్ల ఫ్యూజు గలదానిలోనికి పోవునదే 20 × 13, అనగా 260 వాట్లు. అందు సగమునకు కొంచెము మించి, నూతనపు డి-క్లాసు యంత్రమైనచో ముప్పాతిక దాటి, వూఫరుకు చేరును. అయినను మనబోటి శ్రోతకు 150 నికరపు వాట్లు పుష్కలము. పొదుపు పనికిరానిచోటు ఒక్కటే, బ్యాటరీ తీగె. రాగిపూత పూసిన అల్యూమినియపు తీగెను రాగితీగెయని అమ్ముదురు. చివర గీకి చూచిన తెల్లదనము బయటపడును. బ్యాటరీనుండి 45 సెంటీమీటర్ల లోపల ఫ్యూజు ఉండితీరవలెను, ఇనుపరేకును దాటుచోట రబ్బరు గ్రొమెట్ ఉండవలెను. లేనియెడల ఒరిపిడికి తొడుగు తెగి కారు అంటుకొను ప్రమాదము కలదు. ఎర్త్ బిగించుచోట రంగును గీకి రేకు మెరయునట్లు చేయవలెను.

శబ్దమును సరిపుచ్చుట షెడ్డులో నిలిపియుంచిన కారున ముగియదు. వూఫరుపైనుండు 0, 180 అను ఫేజు మీటను రెండువిధముల మార్చిచూచి, డ్రైవరుసీటులో ఏది నిండుగ వినబడునో దానిని అచ్చటనే నిర్ణయింపవచ్చును. స్థాయిని మాత్రము రహదారిమీదనే నిర్ణయింపవలెను. టైర్ల రొద మంద్రస్వరమే గనుక అది పాటలోని మంద్రమును కప్పివేయును, ఆగియున్నపుడు సరిపోయిన బేస్ 80 కిలోమీటర్ల వేగమున కొరతపడును. కారు మరియొకరికి ఇచ్చి నడపుమని, మనము ప్రక్కసీటున కూర్చుండి మీట త్రిప్పి చూచుకొనవలెను. వూఫరుతో వచ్చు బేస్ నాబ్‌ను హ్యాండ్‌బ్రేకు ప్రక్కన బిగించుకొన్నచో ఊరిలో ఒక స్థాయి, హైవేపై మరియొక స్థాయి పెట్టుకొనవచ్చును.