బ్రాహుయీ నోట ఉర్దూ గజల్

గజల్ రాసే మా బోటివాళ్లకు మొదటి పేచీ రదీఫ్‌తోనే. షేరు (రెండు పాదాల పద్యం) షేరుకూ చివర తిరిగొచ్చే ఆ మాట అరిగిపోకూడదు, ప్రతిసారీ కొత్త బరువు మోయాలి. ఉర్దూ కవికి 'నహీ' ఉంది. దాన్ని చివర నిలిపాడంటే పాదమంతా ఎదురు తిరుగుతుంది. మనకు 'లేదు' కొంత ఆదుకుంటుంది గానీ, 'రాడు, రాదు, రాను' దగ్గరికొచ్చేసరికి కాదనడం క్రియలోనే కరిగిపోయి ఉంటుంది. దాన్ని విడదీసి రదీఫ్‌గా నిలపలేం.

బలూచిస్తాన్‌లో బ్రాహుయీ కవిదీ దాదాపు ఇదే చిక్కు. అదీ మన ద్రావిడ కుటుంబపు భాషే. చుట్టూ బలోచీ, పష్తో, సింధీ. మూడు దాటితే అంకెలు సైతం అరువే. అయినా కాదనడాన్ని తనలోనే ఇముడ్చుకున్న వ్యతిరేక క్రియను మాత్రం వదులుకోలేదు. ఆ భాషంటే నాకు గౌరవం కలిగింది అక్కడే.

ఆ గడ్డ మీద ఉర్దూ కంటే ముందు పారశీకం ఉంది. కలాత్ సంస్థానాన్ని ఏలిన ఖాన్ల దర్బారు భాష అదే. 18వ శతాబ్దం మధ్యలో, మొదటి నసీర్ ఖాన్ కాలంలో, మలిక్ దాద్ రాసిన 'తుహ్ఫతుల్ అజాయిబ్' అనే మతబోధక పద్యకృతిని బ్రాహుయీలో దొరికిన తొలి రచనగా చెబుతారు. 1948లో కలాత్ పాకిస్తాన్‌లో కలిశాక ఉర్దూ బడి భాష అయింది. కవి అక్షరాలు దిద్దిందీ, ముషాయిరాల్లో విన్నదీ ఉర్దూయే. గజల్, ఒకే విషయం మీద సాగే నజ్మ్, ఆపైన స్వేచ్ఛా కవిత అయిన ఆజాద్ నజ్మ్ ఆ చదువుతోనే బలపడ్డాయి. 1960లో మొదలైన 'ఈలమ్' లాంటి పత్రికలు బ్రాహుయీ రాతకు చోటిచ్చాయి.

ఇదంతా పరాయి పెత్తనమని బాధపడేవాళ్లున్నారు. బడిలో తల్లిభాషకు చోటు దక్కకపోవడం అన్యాయమే, అందులో నాకు సందేహం లేదు. కానీ గజల్ నేరమేముంది? దాశరథి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు, సినారె తెలుగులోనే గజళ్లు రాశారు. మన భాషకు నష్టమేమీ జరగలేదు. నష్టం చేసేది ఛందస్సు కాదు, దానితో పాటు వచ్చిపడే సాకీ, బుల్‌బుల్, మధుపాత్రల సామగ్రి. చలి ముదరగానే మందలను తోలుకుని కలాత్ ఎత్తుల నుంచి బోలాన్ కనుమ మీదుగా కచ్ఛీ మైదానాలకు దిగిన జాతి బ్రాహుయీలది. ఆ దారిలోని దుమ్ము, మేకల అరుపు, వెనక మిగిలిన ఇల్లు గజల్‌లోకి రావాలి. రదీఫ్‌కు ముందొచ్చే ప్రాస, అంటే కాఫియాకు, అరువు మాట వాడినా పట్టింపు లేదు. రదీఫ్‌లో మాత్రం బ్రాహుయీ క్రియే పలకాలి. కాదనడం కూడా ఆ భాష తీరులోనే కాదనాలి.

కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాదులో ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. రెండూ కలిసి కూర్చుంటే, ఉర్దూ మీదుగానైనా సరే, ఒక బ్రాహుయీ కవితా సంకలనాన్ని తెలుగులోకి తేవచ్చు. ఆ పని వెంటనే మొదలుపెట్టమని రెండు చోట్లా ఉన్న ఆచార్యులను కోరుతున్నాను.