అయిదు వేళ్లు, అయిదు గొంతులు

పియానో నేర్చుకోవడానికి వెళ్లిన పిల్లలకు సాధారణంగా మొదటి పాఠం సి మేజర్ స్కేలు. అన్నీ తెల్ల మెట్లే కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. ఫ్రెడరిక్ షోపాన్ దగ్గర మాత్రం ఆ పాఠం చివరికి వచ్చేది. చదవడానికి అన్నిటికన్నా సులువైన ఆ స్కేలే చేతికి అన్నిటికన్నా కష్టమని ఆయన లెక్క. అందుకే శిష్యుల కుడిచేతి వేళ్లను ముందుగా ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, బి అనే అయిదు మెట్ల మీద పెట్టించేవాడు. పొట్టివైన బొటనవేలు, చిటికెనవేలు తెల్ల మెట్ల మీద ఆగుతాయి. పొడుగైన మధ్య మూడు వేళ్లూ కాస్త ఎత్తుగా, లోపలికి ఉన్న నల్ల మెట్ల మీద పడతాయి. చెయ్యి ఎక్కడా బిగుసుకోదు. ఆ తర్వాత నేర్పేది బి మేజర్. అయిదు షార్పులతో రాతలో భయపెట్టే ఆ స్కేలు వేళ్ల కిందికి వచ్చేసరికి వాటి కొలతకే కుట్టిన చొక్కాలా కుదురుతుంది.

షోపాన్ పనితనమంతా ఈ చిన్న పాఠంలోనే ఉందంటాను. చెయ్యి ఎలా ఉందో, వాయిద్యం ఎలా ఉందో ముందు గమనించి, వాటికి లేని గుణాన్ని వాటి నుంచి ఆశించకుండా సంగీతం రాయడమే ఆయన పద్ధతి.

ఆ కాలపు పారిస్‌లో ఇది ఎదురీతే. వేళ్లన్నీ సమాన బలంతో మోగాలని ఉపాధ్యాయులు పట్టుబట్టేవారు. చేతులు కదలకుండా ఆనించుకోవడానికి పియానో ముందు బిగించే కడ్డీని ఫ్రెడరిక్ కాల్క్‌బ్రెన్నర్ అనే పేరుమోసిన పియానిస్టు ప్రచారం చేసేవాడు. 1831లో పారిస్ చేరిన షోపాన్‌ని తన దగ్గర మూడేళ్లు నేర్చుకోమన్నది ఈయనే. ఇరవై ఒకటో ఏట ఉన్న షోపాన్ మర్యాదగా తప్పుకున్నాడు. ఆపైన పియానో, ఆర్కెస్ట్రాల కోసం రాసిన తన ఇ మైనర్ కన్చెర్టోను ఆయనకే అంకితమిచ్చాడు. ఎవరినీ నొప్పించకుండా తన దారిన పోవడం షోపాన్‌కు బాగా తెలుసు.

తర్వాత ఒక పియానో బోధనా గ్రంథం రాయాలనుకుని కొన్ని పేజీల చిత్తు ప్రతి దగ్గరే ఆపేశాడు. వేళ్ల బలాలు వేరువేరు, వాటిని చెరిపి సమం చేయడం కన్నా ఒక్కో వేలికి ఉన్న ప్రత్యేకమైన స్పర్శను పెంచుకోవడం మేలు అన్నది అందులోని ఆలోచన. నాలుగో వేలు బలహీనమైనదా? సరే, దానికి తగిన మెత్తని మాట దానికి ఇవ్వండి.

ఈ ధోరణి ఎక్కడి నుంచి వచ్చిందంటే, కొంత ఆయన చదువులోనే ఉంది. 1810లో వార్సా దగ్గరి జెలజోవా వోలాలో పుట్టాడు. తండ్రి ఫ్రాన్స్ నుంచి వచ్చి స్థిరపడిన ఉపాధ్యాయుడు, తల్లి పోలిష్. మొదటి గురువు వోయ్‌చెహ్ జివ్నీ అసలుకు వయొలిన్ వాద్యకారుడు. బాఖ్, మొజార్ట్‌ల రుచి పిల్లవాడికి బాగా పట్టించాడు గానీ, పియానో మీద వేళ్ల సంగతి చాలావరకు ఆ పిల్లవాడే చూసుకోవాల్సి వచ్చింది. ఏడేళ్లకే అతను కట్టిన ఒక పొలొనేజ్ (పోలిష్ నృత్యబాణీ) అచ్చయింది. ఆ తర్వాతి గురువు యూజెఫ్ ఎల్స్‌నర్ చేసిన మహోపకారం, ఇతణ్ని తనలా మార్చాలని ప్రయత్నించకపోవడం. 1830 నవంబరు మొదట్లో వార్సా వదిలాడు. ఆ నెలాఖరున రష్యా పాలన మీద తిరుగుబాటు లేచింది. మళ్లీ సొంతగడ్డ మీద అడుగు పెట్టలేదు. ప్రేమకథ, దగ్గు, అకాలమరణం గురించి జీవితచరిత్రలు కావలసినంత రాశాయి. నాకు అంతకన్నా ఆసక్తి కలిగించేది, పారిస్‌లో పాఠానికి 20 ఫ్రాంకుల చొప్పున తీసుకుంటూ, కచేరీలకు దూరంగా ఉంటూ బతికిన ఆ పనివాడి దినచర్య. మొత్తం జీవితంలో ఆయన బహిరంగంగా వాయించింది ముప్పై సార్లకు అటూ ఇటూ.

1833లో అచ్చయిన ఓపస్ 10 ఎట్యూడ్లలో రెండోది చూడండి. ఎట్యూడ్ అంటే సాధన పాఠం. కుడిచేతి చివరి మూడు వేళ్లు, అంటే మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు, ఒక్క మెట్టూ వదలకుండా క్రోమాటిక్ స్కేలును పైకీ కిందికీ పరుగెత్తిస్తుంటాయి. అదే సమయంలో బొటనవేలు, చూపుడువేలు కింద పొడిపొడిగా తోడు స్వరాలు వేయాలి. మామూలుగా పరుగు భారం మోసే బలమైన వేళ్లకు ఇక్కడ చిల్లరపని, బలహీనమైన వాటికి పెద్దపని. బొటనవేలు ఖాళీ లేదు కనుక పొడుగు వేళ్లు ఒకదాని మీదుగా ఒకటి దాటుకుంటూ పోవాలి. బొటనవేలిని అంతగా వాడని పాతకాలపు కీబోర్డు పద్ధతిని ఆయన ఇలా మళ్లీ పనిలోకి దించాడు. ఏ స్వరానికి ఏ వేలో దాదాపు ప్రతి చోటా తానే అంకె వేశాడు. ఇంత శ్రమా వినేవాళ్లకు కనిపించకూడదు. వాళ్లకు గాలి కదిలినట్టు ఒక గుసగుస వినిపిస్తే చాలు.

ఇక వాయిద్యం సంగతి. వీణ మీద మీటిన తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపవచ్చు, సాగదీయవచ్చు. పియానోలో ఆ వీలే లేదు. సుత్తి తీగను తాకిన క్షణం నుంచీ స్వరం చావడం మొదలవుతుంది. దాన్ని పెంచలేం, ఒంచలేం. అలాంటి యంత్రం చేత పాడించడం ఎలా?

1839లో అచ్చయిన ఓపస్ 28 ప్రెల్యూడ్లలో నాలుగోది, ఇ మైనర్‌లోది, దీనికి జవాబు. నొటేషన్‌లో మొత్తం 25 గడులు, ఒక్క పేజీ. కుడిచెయ్యి దాదాపు ఏమీ చేయదు. బి అనే స్వరాన్ని పట్టుకుంటుంది, సి ని తాకి మళ్లీ బి కి వస్తుంది. మొదటి మూడు గడుల్లో అంతే. కదలికంతా ఎడమచేతిది. మూడు స్వరాల కార్డ్‌ను మెల్లగా కొడుతూ, అందులో ఒకసారి ఒక స్వరాన్ని, మరోసారి ఇంకొకదాన్ని ఎక్కువగా అర్ధస్వరం చొప్పున కిందికి జారుస్తుంది. అన్నీ కలిసి దిగవు. పైన బి అక్కడే ఉంటుంది, కింద నేల మారుతుంటుంది. దాంతో కదలని ఆ స్వరమే రంగు మారుతున్నట్టు చెవికి తోస్తుంది. మొదట నిలకడగా ఉన్నది కాసేపటికి నొప్పిగా, మరికాసేపటికి అలసటగా వినిపిస్తుంది. పియానో చేయలేని పనిని పియానో చేసినట్టే మనం నమ్ముతాం. పదహారో గడి దగ్గర ఒక్కసారి ఆవేశం పొంగి, రెండు మూడు గడుల్లోనే అణగిపోతుంది. 23వ గడిలో ఎటూ తేలని కార్డ్ దగ్గర ఆగి, మౌనం మీద నిలుపు గుర్తు. ఆ తర్వాత మూడు కార్డ్‌లు, అయిపోతుంది. 1849 అక్టోబరులో పారిస్‌లోని మాదెలైన్ చర్చిలో జరిగిన ఆయన అంత్యక్రియల్లో దీన్ని ఆర్గన్ మీద వాయించారు. తగ్గకుండా మోగే ఆర్గన్ మీద ఆ కిటుకు సగం పోయి ఉండాలి.

కాలప్రమాణంలోనూ ఇదే ఎడమచేతి పెత్తనం. షోపాన్ సంగీతమంటే కాలాన్ని ఇష్టం వచ్చినట్టు సాగదీయడమని చాలామంది అనుకుంటారు. కరోల్ మికులీ వంటి శిష్యులు చెప్పింది వేరు. ఎడమచెయ్యి తాళం తప్పకూడదు, కుడిచేతిలోని పాట మాత్రం కాస్త వెనకబడవచ్చు, కాస్త తొందరపడవచ్చు. మృదంగం నడక చెదరకుండా పల్లవి పాడేవాళ్లు ముందు వెనకలుగా మాట అందుకోవడం విన్న మనకు ఇది కొత్త కాదు. శిష్యులను గొప్ప గాయకుల ఒపేరాలకు వెళ్లమని చెప్పింది కూడా ఇందుకే.

ఇంత సహజంగా వినిపించేది సులువుగా పుట్టలేదు. నోహాన్‌లోని తన పల్లె ఇంట్లో ఆయనతో ఎన్నో వేసవులు గడిపిన రచయిత్రి జార్జ్ సాండ్ తన ఆత్మకథలో ఆ అవస్థ రాసింది. తోచడం క్షణంలో తోచేదట. కాగితం మీద పెట్టడానికి గదిలో తలుపులు బిగించుకుని, ఏడ్చి, కలాలు విరిచి, ఒక్క పేజీకి వారాలు పట్టి, చివరికి మొదట రాసిన రూపానికే వచ్చేవాడట. ఆయన రాతప్రతుల్లో కొట్టివేతలు ఊరికే అడ్డగీతలు కావు. కింద ఏముందో ఎవరూ చదవలేనంత దట్టంగా సిరా పులిమేవాడు.

అంత చేసీ అచ్చయిన తర్వాత ఊరుకున్నాడా అంటే అదీ లేదు. పారిస్, లైప్‌జిగ్, లండన్ ప్రచురణలు ఒకేసారి వెలువడేవి, మూడింటికీ పాఠభేదాలు. పైగా శిష్యుల పుస్తకాల మీద పెన్సిల్‌తో మళ్లీ మార్పులు. సంపాదకులు ఇప్పటికీ వీటితో కుస్తీ పడుతున్నారు. లండన్ ప్రచురణకర్త అమ్మకాల కోసం అంటించిన అలంకారపు పేర్లంటే మాత్రం ఆయనకు ఒళ్లు మంట.

పియానో దాటి బయటికొస్తే ఈ నైపుణ్యం పలచబడుతుందని ఒప్పుకోవాలి. రెండు కన్చెర్టోల్లోనూ ఆర్కెస్ట్రా ఎక్కువసేపు పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది.

ఎట్యూడ్లు వినదలచినవాళ్లు ముందు మౌరీజియో పొల్లీనీ 1972 రికార్డింగ్ వినండి. ఒక్క స్వరం తొణకదు. తర్వాత 1930లలో ఆల్ఫ్రెడ్ కోర్తో వాయించినవి పెట్టుకోండి. స్వరాలు అక్కడక్కడా తప్పుతాయి, ఆ సంగతి అందరికీ తెలిసిందే. కానీ ఆ బోధనా గ్రంథపు చిత్తు ప్రతిని సంపాదించి దాచుకున్నది కోర్తోనే. ఆయన చేతిలో ఏ వేలి గొంతు దానిదే.