పక్క సీటు పని

కారులో దూరపు ఊరికి ఇల్లు మారిన వాళ్లని పలకరించండి, అందరూ డ్రైవింగ్ గురించే చెబుతారు. ఎన్ని గంటలు నడిపారు, మైలేజీ ఎంతొచ్చింది, రోడ్డు ఎక్కడ బాగుంది. పక్కన కూర్చున్న మనిషి ఏం చేసిందో ఎవరూ అడగరు. ఆవిడ కూడా చెప్పదు. సంక్రాంతి వెళ్లాక ఆయనా నేనూ హైదరాబాద్ నుంచి నోయిడాకి కారులో ఇల్లు మారాం. 1,500 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆలుమగలు కలిసి చేసే దూరప్రయాణం పక్క సీటు పనితనం మీదే నడుస్తుందని ఈ దారిలో నాకు గట్టిగా తెలిసింది. స్టీరింగు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు రోడ్డు ఒక్కటే చూడాలి. తక్కినవన్నీ పక్కవాళ్లు చూసుకోవాలి.

ఆ పని ఇంటి ముందే మొదలవుతుంది. పెద్ద సామానంతా లారీలో ముందే పోయింది. గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించి వోచర్ తీసుకున్నాం. నిండు సిలిండర్ని కారులో పెట్టుకుని బయలుదేరే ఆలోచన ఎవరూ చెయ్యొద్దు. ఇక కారులో ఏం ఎక్కాలి, ఎక్కడ ఉండాలి అన్నది పక్క సీటు నిర్ణయం, ఎందుకంటే దారిలో ఏది కావాలన్నా చెయ్యి చాపి అందుకోవాల్సింది ఆ మనిషే. బరువైనవన్నీ అడుగున, వెనక సీటు వీపుకి ఆనించి పెట్టాలి. వెనక అద్దం కింద ఉండే పలక మీద చిన్న డబ్బా కూడా ఉండకూడదు. మంచి స్పీడులో ఉండగా గట్టిగా బ్రేకు పడితే అది ఎగిరొచ్చి తలకే తగులుతుంది. డ్రైవరు తలుపు తీస్తే చాలా కార్లకి ఒక స్టిక్కరు కనిపిస్తుంది. మామూలుగా టైర్లలో ఎంత గాలి ఉండాలి, నిండు బరువుతో ఎంత ఉండాలి అని విడివిడిగా రాసి ఉంటుంది. ఇల్లు మారేవాళ్లు నిండు బరువు అంకె చూడాలి. గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి.

ఆవకాయ జాడీని లారీవాళ్ల చేతికివ్వడానికి నాకు మనసొప్పలేదు. మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టి, దాని మీద పాలిథిన్ కవరు బిగించి, ప్లాస్టిక్ బకెట్లో పాత చీరలు కుక్కి వాటి మధ్య కూర్చోబెట్టాను. బకెట్ డిక్కీలో కాదు, డ్రైవరు సీటు వెనక కింద. ఆగిన చోటల్లా వెనక్కి వంగి గుడ్డ మీద వేలు పెట్టి చూసేదాన్ని. నాగపూర్ దాకా పొడిగానే ఉంది. సాత్పురా కొండలెక్కాక గుడ్డ అంచున ఎర్రగా నూనె ఊరింది. ఢాబా ముందు ఆపించి, కట్టు విప్పి, జాడీ అంచు తుడిచి, ఇంకో మడత వేసి మళ్లీ బిగించాను. అది డిక్కీలో ఉండుంటే నూనె వాసన మా ముక్కుకి తగిలేసరికి పరుపులు తడిసిపోయేవి.

విమానంలో అయితే హైదరాబాద్ నుంచి ఢిల్లీ రెండు గంటల పైచిలుకు. ఆ రెండు గంటల్లో ఊరు మారుతుంది, మనసు మారదు. రోడ్డు మీద ఊరు కొంచెం కొంచెంగా వదులుతుంది, ఆ వదలడాన్ని చూసేది పక్క సీటే. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మనకి ఇంటి ముందు రోడ్డు లాంటిదే. సోన్ దగ్గర గోదావరి దాటాం. నిర్మల్, ఆదిలాబాద్ వెనకబడ్డాయి. పెన్‌గంగ వంతెన దాటితే మహారాష్ట్ర. తెలుగు బోర్డులు అయిపోయాయి గానీ పత్తి చేలు అవే, నల్లరేగడీ అదే. నాకు అసలు సరిహద్దు అక్కడ కనపడలేదు. పెన్‌గంగ వెళ్లి వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయ్యి కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడుతుంది. నాగపూర్ దాటాక వచ్చే కన్హాన్ కూడా వైన్‌గంగకే చేరుతుంది. మధ్యప్రదేశ్‌లో సివనీ దాటి ఛపారా దగ్గర వైన్‌గంగని దాటుతుంటే ఆయనతో అన్నాను, "ఏవండీ, ఈ నీళ్లు రాజమండ్రికే పోతాయి." ఆయన రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండానే, "అయితే ఇంకా మన ఊళ్లోనే ఉన్నాం," అన్నారు. నర్మద వచ్చాక గానీ నీళ్లు వేరే సముద్రానికి తిరగవు. బర్మాన్ వంతెన మీద ఆ మాట కూడా చెప్పాను. అప్పుడాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇల్లు వదిలేశామని మా ఇద్దరికీ తెలిసింది అక్కడే.

అంతకుముందు పెంచ్ అడవి ఉంది. ఈ అడవిలో పులులు, జింకలు అటూ ఇటూ దాటడానికి కొన్ని చోట్ల రోడ్డునే స్తంభాల మీదకి ఎత్తారు. భారత వన్యప్రాణి సంస్థ కెమెరాలు పెట్టి చూస్తే పులులు ఆ వంతెనల కింద నుంచి నడిచిపోవడం కనిపించింది. శబ్దం, వెలుగు కిందికి పోకుండా రోడ్డుకి రెండు పక్కలా గోడల్లా పలకలు నిలబెట్టారు. దాంతో ప్రయాణికుడికి అడవి చాలాసేపు కనపడనే కనపడదు. నాకది వెలితిగా అనిపించలేదు. మనం చూడకపోయినా అడవి తన పని తాను చేసుకునేలా రోడ్డు వెయ్యడం నాకెంతో గౌరవం కలిగించింది.

లఖ్‌నాదోన్ దగ్గర దారి చీలుతుంది. పాత 7వ నంబరు రోడ్డు అక్కణ్నుంచి జబల్‌పూర్, రీవా మీదుగా వారణాసి పోయేది. మన వైపు నుంచి కాశీకి రోడ్డు మీద పోయేవాళ్లు అటే వెళతారు; మేం నర్సింగ్‌పూర్ వైపు తిరిగాం. 1830లో మద్రాసు నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి వెళ్లింది కూడా హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్ మీదుగానే. బోయీలు పల్లకీ మోస్తుంటే ఆయన దారి చూశారు. ఏ మజిలీలో నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లలో ఏం దొరుకుతుంది, దారి ఇసుకా రాయా, దిగడానికి చోటుందా అని వరసగా రాసుకుంటూ పోయారు. 'కాశీయాత్ర చరిత్ర'ని అందరూ యాత్రాసాహిత్యం అంటారు, నిజమే. నేను మాత్రం దాన్ని పక్క సీటు పనికి మన భాషలో ఉన్న గొప్ప పాఠ్యపుస్తకంగా చదువుతాను. దారి మోసేవాళ్లు వేరు, దారిని కనిపెట్టుకుని ఉండేవాళ్లు వేరు, రెండోదీ కష్టమే.

ఆ కనిపెట్టుకోవడంలో అన్నిటికంటే ముఖ్యమైనది నిద్ర. డ్రైవరుకి నిద్ర వస్తున్న సంగతి డ్రైవరుకి ఆఖర్న తెలుస్తుంది. పక్కవాళ్లకి ముందే తెలుస్తుంది. రెప్పలు నిదానంగా పడతాయి, అడిగినదానికి జవాబు ఆలస్యంగా వస్తుంది, కారు తెల్లగీత మీదకి జరిగి మళ్లీ వెనక్కొస్తుంది. తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఇది ఎక్కువ. అందుకే దారిలో మధ్యాహ్నం పూట పెరుగన్నం పెట్టలేదు. పులిహోర కొంచెం, రెండు అరటిపళ్లు, మరమరాలు. పెరుగన్నం రాత్రి బస చేరాకే. "నిద్రొస్తోందా?" అని అడిగితే ఏ మగాడూ ఔననడు. "ముందు బంకులో ఆపండి, నాకు కాళ్లు పట్టేశాయి," అంటే ఆపుతారు. ఈ మాట అనడానికి నేనెప్పుడూ సంకోచించలేదు, ఎవరూ సంకోచించకూడదు.

పక్క సీటు చిల్లరపనులు కూడా చిన్నవి కావు. ఫాస్టాగ్‌లో డబ్బులెన్ని మిగిలాయో చూడటం, టోల్ గేటుకి ముందే ఏ లైనులోకి రావాలో చెప్పడం. కిలోమీటరు రాళ్ల మీది అంకె మనసులో పెట్టుకోవడం. బండి ఆగిపోయి హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే వాళ్లు మొదట అడిగేది ఎక్కడున్నారనే. ఆ అంకె చెబితే సాయం త్వరగా వస్తుంది. పెట్రోలు ధర కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మధ్యప్రదేశ్‌తో పోలిస్తే ఉత్తరప్రదేశ్‌లో చెప్పుకోదగ్గంత తక్కువ. ఈ దారి సాగర్ దాటాక లలిత్‌పూర్, ఝాన్సీల దగ్గర యూపీలోకి వచ్చి, దతియా, గ్వాలియర్‌లకి మళ్లీ మధ్యప్రదేశ్‌లోకి పోతుంది. కాబట్టి సాగర్‌లో అవసరమైనంతే పోయించి ఝాన్సీలో నింపుకున్నాం.

నర్మద దాటాక స్టీరింగు నేను తీసుకున్నాను. ఆయన పక్కకి వచ్చారు. అలవాటైన డ్రైవరుకి పక్క సీటు చాలా కష్టం. మొదటి గంటసేపు లారీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు లేని బ్రేకు మీద పడుతూనే ఉంది. నేనేమీ అనలేదు. సాగర్ దాటేసరికి కాలు స్థిమితపడింది, కళ్లు కిటికీ వైపు తిరిగాయి. ఝాన్సీ చుట్టూ గ్రానైట్ గుట్టలు, గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి నిలబడి కనపడగానే, "అరె, ఇది మన గోల్కొండ వైపు రాయిలా ఉందే!" అన్నారు. గోల్కొండ కోట నిలబడింది కూడా అలాంటి గుట్ట మీదే. మొరేనా దాటాక చంబల్ లోయల్ని, మట్టి కోసుకుపోయి ఏర్పడిన ఆ గండ్లని, వంతెన మీంచి చూసి ఇక్కడే మొసళ్ల అభయారణ్యం ఉందని నాకు చెప్పింది ఆయనే. నేను రోడ్డు తప్ప ఏమీ చూడలేదు. చూడనవసరం లేకుండా చేశారు.

ఆ పనితనం యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద పూర్తిగా అక్కరకొచ్చింది. ఆగ్రా నుంచి గ్రేటర్ నోయిడా దాకా 165 కిలోమీటర్ల రోడ్డు. మామూలుగా కార్లకి 100 స్పీడు. పొగమంచు కాలంలో దాన్ని 75కి తగ్గిస్తారు. మేం ఎక్కేసరికి మంచు కమ్మేసి ఉంది, అంత మంచులో 75 కూడా ఎక్కువే. హైబీమ్ వేస్తే మంచే వెలిగి కళ్లలో కొడుతుంది, అందుకని లోబీమ్, ఫాగ్ లైట్లు. కిటికీ కొంచెం దించి వెనక బండ్ల చప్పుడు వింటూ ఆయన ఎడమవైపు తెల్లగీతని పట్టుకుని కూర్చున్నారు. "గీత ఉంది... ఉంది... కుడికి కొంచెం... ముందు ఎర్ర లైటు, ఆగి లేదు, కదులుతోంది..." గొంతులో కంగారు లేదు, తొందర లేదు. మంచు మరీ చిక్కబడ్డప్పుడు, "ఇక్కడ రోడ్డు పక్కన ఆపొద్దు, ముందు టోల్ ప్లాజా దగ్గర ఆపుదాం," అన్నది కూడా ఆయనే, అదే సరైన మాట. లైనులోనో అంచునో ఆగిన బండిని వెనకనుంచి వచ్చేవాడు మంచులో చూడలేడు. ప్లాజాలో టీ తాగి, ఎండ వచ్చేదాకా కూర్చుని బయలుదేరాం.

నోయిడా ఇంట్లో పాలు పొంగించి, జాడీ దించి, కాగితాల ఫైలు తీశాం. పరాయి రాష్ట్రంలో బండిని 12 నెలలకి మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. అందుకు పాత ఊరి ఆర్టీఏ ఇచ్చే ఎన్‌వోసీ కావాలి, ఫారం 28 మీద. తరచూ బదిలీలయ్యే ఉద్యోగులైతే బీహెచ్ సిరీస్‌కి తమకి అర్హత ఉందేమో ముందే కనుక్కోవడం మంచిది. ఆ క్యూలో ఆయన నిలబడతారు, ఫైలు నేను పట్టుకుంటాను.

దసరాకి హైదరాబాద్ వెళ్లాలనుకుంటున్నాం. ఈసారి యమునా ఎక్స్‌ప్రెస్‌వే నుంచి ఝాన్సీ దాకా స్టీరింగు నాది. నర్మద దాటేటప్పుడు మాత్రం నేను పక్క సీటులో ఉండాలని ఆయన ఇప్పటినుంచే అడుగుతున్నారు.